గరివిడి స్టేషన్లో పద్దు పుస్తకం

విజయనగరం దాటాక ప్యాసింజరు బండికి తొందరుండదు. నెల్లిమర్ల దగ్గర చంపావతిని దాటి, దూరంగా రామతీర్థం కొండల్ని కాసేపు చూపించి, తాపీగా గరివిడి చేరుతుంది. సంక్రాంతి వెళ్లిన వారం. కోసిన వరి దుబ్బుల మధ్య మినుము, పెసర పచ్చగా లేచాయి. బండి ఆగగానే కాలేజీ పిల్లలు, చీపురుపల్లి సంతకెళ్లే ఆడవాళ్లు, సంచి నిండా పనిముట్లతో ఇద్దరు మేస్త్రీలు దిగారు. అందరికంటే వెనక వృద్ధ దంపతులు దిగారు. ఆయన చేతిలో సున్నుండల డబ్బా, ఆమె చేతిలో అరచేతి వెడల్పు పద్దు పుస్తకం.

ఆయన రాజమండ్రి వైపు ఊళ్లో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మేష్టారు. మనవరాలికి గరివిడి పశువైద్య కళాశాలలో సీటొచ్చింది. పిల్లను చూసి, తినుబండారాలు ఇచ్చి, పనిలో పనిగా పొందూరు, అరసవల్లి, శ్రీకూర్మం చూసుకుని ఇంటికెళ్లాలన్నది ఏర్పాటు. నాలుగు రాత్రుల ప్రయాణం. పింఛను డబ్బుతో చేసే ప్రయాణం కాబట్టి రోజుకు ఇద్దరికీ కలిపి రెండు వేలు దాటకూడదని ఆమె ముందే గీత గీసింది. పుస్తకంలో నిలువు గీతలు కొట్టి నాలుగు గడులు పెట్టింది: బండి, తిండి, గది, దేవుడు.

మొదటి రాత్రి విజయనగరంలో గడిచాక, ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని అయిదో గడి గీసింది. దాని పైన "పన్ను" అని రాసింది.

"ఏవండీ, గదికి తొమ్మిది వందలే అన్నారు కదా, పిల్ల ఫోనులోంచి తొమ్మిది వందల నలభై అయిదు ఎందుకు పోయింది?"

"అయిదు శాతం జీఎస్టీ."

"మరి ఆ కుర్రాడు పన్ను లేదంటాడేం?"

ముందు రోజు రాత్రి లాడ్జి బల్ల దగ్గర జరిగిన సంగతి అది. మనవరాలు ఫోనులోని యాప్‌లో గది తీసి పెట్టింది. రిజిస్టరులో పేర్లు రాసుకుని, ఆధార్ కార్డుల నకళ్లు తీసుకుంటూ అక్కడి కుర్రాడు నొచ్చుకున్నాడు. "నేరుగా మా కాడికి వొచ్చేస్తే ఎనిమిదొందలకే ఇచ్చీవోళ్లమండి. మాకు పన్నూ నేదు, గిన్నూ నేదు. ఫోన్లో బుక్ చేస్తే మట్టుకు పడిపోతాదండి."

కుర్రాడు చెప్పింది నిజమే. కానీ ఎందుకు నిజమో బడ్జెట్టు ప్రయాణికుల్లో చాలామందికి తెలియదు. సేవలు అమ్మే వ్యాపారం ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటకపోతే జీఎస్టీ నమోదు అక్కర్లేదు. నమోదు లేనివాడు పన్ను వసూలు చేయకూడదు. పది గదులున్న లాడ్జి, గదికి అయిదు వందల చొప్పున, ఏడాదిలో ఒక్క రాత్రి కూడా ఖాళీ లేకుండా నిండినా వచ్చేది 18 లక్షల 25 వేలు. అంటే విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం లాంటి ఊళ్లలో బస్టాండు వెనక సందులో ఉండే చిన్న లాడ్జి చట్టప్రకారమే పన్ను బయట ఉండవచ్చు. అదే గదిని యాప్‌లో తీసుకుంటే లెక్క మారిపోతుంది. కేంద్ర జీఎస్టీ చట్టం 9వ సెక్షన్ 5వ ఉపవిభాగం కింద, నమోదు లేని లాడ్జి ఇచ్చే గదికి యాప్ నడిపే కంపెనీయే పన్ను కట్టాలి. కంపెనీ కట్టేది ప్రయాణికుడి దగ్గర పుచ్చుకునే కడుతుంది. గది అదే, మంచం అదే, మీద కప్పుకునే దుప్పటీ అదే. ఏ దారిన వచ్చారన్న దాన్నిబట్టి పన్ను పుడుతుంది.

మేష్టారు ఇదంతా విడమరిచి చెబితే ఆమె విని, గది గడిలో 900, పన్ను గడిలో 45 రాసుకుంది.

గరివిడి ఏ పర్యాటక పటంలోనూ పెద్ద అక్షరాల్లో కనబడదు. భూగర్భ శాస్త్రవేత్తలకు మాత్రం ఈ నేల బాగా తెలుసు. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ చుట్టుపక్కలే. దగ్గర్లోని కోడూరు గనుల్లో దొరికిన రాతిరకానికి ఫెర్మోర్ అనే శాస్త్రవేత్త ఆ ఊరి పేరే పెట్టి కోడూరైట్ అన్నాడు. 1950ల్లో ఫేకర్ ఫెర్రో మిశ్రమాల కర్మాగారం వచ్చింది, దాని పక్కన శ్రీరామ్‌నగర్ కాలనీ వెలిసింది. మార్వాడీ కుటుంబాలు, ఒడిశా కూలీలు, రాయలసీమ ఇంజినీర్లు ఇక్కడికి వచ్చారు. ఇప్పుడు పశువైద్య కళాశాల పుణ్యమా అని రాష్ట్రం నలుమూలల నుంచీ తల్లిదండ్రులు వస్తున్నారు. ఇంతమంది వచ్చే ఊరే ఇది, కానీ వచ్చేవాళ్లలో ఒక్కరు కూడా తమను తాము టూరిస్టులు అనుకోరు.

కాలేజీకి వెళ్లే దారిలో టీ దుకాణం దగ్గర అనంతపురం జిల్లా రైతు ఒకాయన కలిశాడు. కొడుకు రెండో ఏడు చదువుతున్నాడు. రాష్ట్రం ఆ చివర నుంచి ఈ చివరకు రావాలంటే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది, వచ్చాక ఒళ్లు కడుక్కుని నడుం వాల్చడానికి ఒక గది కావాలి. కొడుకుని చేర్చిన ఏడాది విజయనగరంలో పన్నెండు వందల గదికి 144 రూపాయలు పన్ను పడిందని, ఈసారి అదే గదికి 60 పడిందని చెప్పాడు. "తగ్గిందిలే సార్, మంచిదే. కానీ నేనేమన్నా ఊరు చూడ్డానికొచ్చినానా? పిల్లోన్ని చూడ్డానికొచ్చినా" అన్నాడు.

ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. గది మీద పన్ను అనగానే కెమెరా మెడలో వేసుకున్న విహారయాత్రికుడు గుర్తొస్తాడు. జీఎస్టీకి ఆ మనిషి తెలియడు. దానికి తెలిసింది గది, రాత్రి, అద్దె. విశాఖ కేజీహెచ్‌లో ఆపరేషను కోసం సాలూరు నుంచి, పాలకొండ నుంచి వచ్చి వారం రోజులు లాడ్జిలో పడిగాపులు పడే బంధువులు ఆ లెక్కలో యాత్రికులే. రైల్వే పరీక్ష రాయడానికి ముందు రోజే వచ్చిన కుర్రాడూ యాత్రికుడే. మంగళూరు, చెన్నై పనులకు వలసపోతూ బండి తప్పిపోయి ఒక రాత్రి గది తీసుకున్న కుటుంబమూ అంతే. ఉత్తరాంధ్రలో చవక గదుల్ని నింపేది ఎక్కువగా వీళ్లే. విహారానికి వచ్చినవాడు గది ఖరీదైతే ప్రయాణం వాయిదా వేసుకుంటాడు. ఆస్పత్రికి వచ్చినవాడికి ఆ వీలు లేదు.

ఒకప్పుడు ఇలాంటి వాళ్ల కోసమే సత్రాలుండేవి. విశాఖపట్నంలో కలెక్టరు టర్నర్ పేరిట వెలసిన టర్నర్ సత్రాన్ని పాతతరం వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. దేవస్థానాల గదులు ఆ సంప్రదాయంలో మిగిలిన ముక్క. ధార్మిక సంస్థలు తమ ఆవరణలో నడిపే గదులకు రోజు అద్దె వెయ్యి రూపాయల లోపు ఉంటే పన్ను లేదు. 2022లో అమృత్‌సర్ స్వర్ణదేవాలయం వారి సరాయిల మీద పన్ను పడిందన్న గొడవ లేచినప్పుడు కేంద్రం ఈ మినహాయింపును మళ్లీ స్పష్టం చేయాల్సి వచ్చింది. ప్రహరీ గోడకు బయట ఉన్నా, ఆ సంస్థ నడిపేదైతే మినహాయింపు వర్తిస్తుందని చెప్పింది. అన్నవరం వెళ్లి వ్రతం చేసుకునే కుటుంబానికి ఇది మేలే. గరివిడిలో పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్లకు మాత్రం దేవస్థానం గది ఎక్కడుంది?

మనవరాలు హాస్టలు గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. సున్నుండల డబ్బా చేతులు మారింది. బయట ప్రైవేటు హాస్టళ్ల సంగతి వచ్చింది. హైదరాబాదు అమీర్‌పేటలో కోచింగుకు వెళ్లిన పిల్ల స్నేహితురాలికి కొన్నేళ్ల క్రితం హాస్టలు అద్దె మీద పన్ను భయం పట్టుకుందట. దానికి కారణం ఉంది. హాస్టళ్లు, పీజీలు ఇళ్ల కిందికి రావని, 12 శాతం కట్టాల్సిందేనని 2023లో కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ తేల్చింది. ఏడాది గడిచాక, 2024 జూన్ 22న జరిగిన జీఎస్టీ కౌన్సిల్ 53వ సమావేశం ఆ ముడి విప్పింది. మనిషికి నెలకు 20 వేల లోపు అద్దె, కనీసం 90 రోజులు వరసగా ఉండటం, ఈ రెండూ ఉంటే పన్ను లేదు. మంచి నిర్ణయమే. రెండు నెలల క్రాష్ కోర్సుకు వెళ్లే డీఎస్సీ అభ్యర్థికి మాత్రం ఆ 90 రోజులు కుదరవు.

తిరిగి స్టేషనుకొచ్చేసరికి శ్రీకాకుళం వైపు బండికి గంట టైముంది. మేష్టారు పద్దు పుస్తకం వెనక అట్ట మీద లెక్క మొదలుపెట్టారు. పాత అలవాటు.

ఆరు వందల గది ఒకటి, ఏడు వేల గది ఒకటి తీసుకుందాం అన్నారు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు వెయ్యి రూపాయల లోపు గదికి పన్నే లేదు. ఏడు వేల గదికి 18 శాతం, అంటే 1,260 రూపాయలు. 2019 అక్టోబరు 1 నుంచి పెద్ద గదికి 12 శాతమైంది, 840. చిన్న గదికి అప్పుడూ సున్నాయే. 2022 జూలై 18న చిన్న గదికున్న మినహాయింపు ఎత్తేశారు. దానికీ 12 శాతం, 72 రూపాయలు. పెద్ద గదిలో మార్పు లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 లోపు గదులన్నిటికీ 5 శాతం. ఇప్పుడు ఆరు వందల గదికి 30, ఏడు వేల గదికి 350.

రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూపించారు. 2021తో పోలిస్తే ఏడు వేల గదిలో పడుకునేవాడికి రాత్రికి 490 రూపాయలు మిగిలాయి. ఆరు వందల గదిలో పడుకునేవాడికి రాత్రికి 30 రూపాయలు పెరిగాయి.

ఇంతకంటే సూటిగా ఈ విషయం చెప్పడం కష్టం. 2025లో రేటు తగ్గిందన్నది నిజం, 72 రూపాయల పన్ను 30కి దిగిందన్నదీ నిజం. కానీ ఆ తగ్గింపును 2022 నుంచి లెక్కపెడితే ఒకలా, అంతకు ముందు నుంచి లెక్కపెడితే మరోలా కనిపిస్తుంది. ముప్పై రూపాయలు చిన్న మొత్తం కాదా అంటే, ఈ చుట్టుపక్కల ఒక పూట ఇడ్లీ, టీ అంతకే వస్తాయి. పైగా ఇప్పటి 5 శాతంలో హోటలుకు తాను కొన్న వాటిమీద కట్టిన పన్ను వెనక్కి రాదు. దుప్పట్లకీ, గీజరు మరమ్మతుకీ కట్టిన జీఎస్టీని ఇదివరకు లెక్కలో తీసేసుకునేవాళ్లు, ఇప్పుడు ఆ వీల్లేదు. ఆ బరువు అద్దెలో కలిపేస్తే బిల్లులో పన్ను గడి తగ్గి అద్దె గడి పెరుగుతుంది. పద్దు పుస్తకంలో మొత్తం మాత్రం పెద్దగా కదలదు.

మినహాయింపు ఎత్తేయడానికి ప్రభుత్వం దగ్గర కారణం లేకపోలేదు. అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై నాయకత్వంలోని మంత్రుల బృందం మినహాయింపులు తగ్గించాలని సూచించింది. వెయ్యి దగ్గర గీత ఉంటే పదకొండు వందల గదికి తొమ్మిది వందల తొంభై తొమ్మిది అని బిల్లు రాసే తెలివితేటలు పుడతాయి. కానీ అలా బిల్లు దొంగరాతలు రాసేవాణ్ని పట్టుకోవడానికి మిగతా అందరి నెత్తినా 12 శాతం వేయడం తగిన మందు కాదు. రైల్వేలో అలా చేయలేదు కదా. ఏసీ, ఫస్టు క్లాసు టికెట్లకు 5 శాతం జీఎస్టీ ఉంది, స్లీపరుకీ జనరల్‌కీ లేదు. ఏసీ బస్సుకుంది, పల్లెవెలుగుకు లేదు. పేదవాడు కూర్చునే బల్లకు పన్ను వద్దని ఒప్పుకున్న ప్రభుత్వం, అతను పడుకునే మంచం దగ్గర ఆ మాట మరిచిపోయింది.

పూరీ వైపు పోయే ఎక్స్‌ప్రెస్ ఒకటి గరివిడిలో ఆగకుండా దుమ్ము లేపుకుంటూ దాటిపోయింది. ఈ పట్టాల పక్కనే కాలినడకన, ఎడ్లబళ్ల మీద తెలుగువాళ్లు శతాబ్దాలపాటు జగన్నాథుణ్ని చూడ్డానికి వెళ్లారు. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి కాశీ చేరి, తిరుగు ప్రయాణంలో పూరీ నుంచి గంజాం, శ్రీకాకుళం, విజయనగరం మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆయన నాటికి యాత్రికుల మీద పన్ను కొత్త కాదు. పూరీ, గయ, ప్రయాగలలో ఈస్టిండియా కంపెనీయే యాత్రికుల పన్ను వసూలు చేసేది. 1803లో ఒడిశా చేతికొచ్చాక కంపెనీ పూరీలో 1806లో ఆ పన్నుకు తనదైన పద్ధతి పెట్టింది. యాత్రికుల్ని తరగతులుగా విడదీసింది. పై తరగతి వాళ్లు ఉత్తరాది నుంచి వస్తే పది రూపాయలు, దక్షిణాది నుంచి, అంటే మన తెలుగు దారి నుంచి వస్తే ఆరు. రెండో తరగతికి అయిదు, మూడు. మూడో తరగతికి రెండు. నాలుగోది నిరుపేదల తరగతి, వాళ్లకు పన్ను లేదు. 1840లో చట్టం చేసి ఆ పన్నునే ఎత్తేశారు.

ఆ పన్ను గొప్పదని చెప్పడానికి కాదు ఈ ప్రస్తావన. అప్పట్లో రెండు రూపాయలంటే కూలివాడికి చాలా రోజుల కష్టం. దేవుణ్ని చూడాలంటే గుమ్మం దగ్గర సొమ్ము కట్టాలన్నది జనాన్ని బాధపెట్టిన సంగతి. కానీ లాభం కోసమే వచ్చిన కంపెనీ సైతం పన్ను పట్టికలో అట్టడుగున ఒక ఖాళీ గడి వదిలింది. ఇవాళ్టి గది పన్ను పట్టికలో ఆ గడి లేదు.

ఆ రాత్రి, మర్నాటి రాత్రి బస శ్రీకాకుళంలో. అక్కడి లాడ్జి కొంచెం పెద్దది, జీఎస్టీ నంబరు గోడమీదే ఉంది. గది వెయ్యి, పన్ను 50. బిల్లులో కేంద్రానికి 25, రాష్ట్రానికి 25 అని విడివిడిగా అచ్చయింది. మేష్టారి భార్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

"శ్రీకాకుళం ఊరికేం లేదా ఇందులో?"

లేదు. పెద్ద ప్రశ్నే అడిగిందావిడ. ప్రపంచంలో చాలా చోట్ల గది పన్నును ఆ ఊరి నగరపాలికే వేస్తుంది, ఆ డబ్బుతో ఆ ఊరి వీధులు, మురుగు, బస్సులు చూసుకుంటామంటుంది. ఆమ్‌స్టర్‌డామ్ 2024 నుంచి గది అద్దెలో 12.5 శాతం తీసుకుంటోంది. టోక్యో 2002లోనే పన్ను పెట్టింది, కానీ రాత్రికి మనిషికి పది వేల యెన్‌ల లోపు గదికి వద్దంది. అక్కడ చవక గదిలో పడుకునే కుర్రాడి జోలికి పోలేదు. క్యోటో 2018లో మొదలుపెట్టినప్పుడు ఆ కింది గీత పెట్టలేదు, అత్యంత చవక పడకకూ 200 యెన్‌లు వేసింది. మన దగ్గర శ్రీకాకుళం లాడ్జిలో కట్టిన యాభై రూపాయలు ఢిల్లీకీ అమరావతికీ పోతాయి. రథసప్తమి నాడు అరసవల్లికి లక్షల మంది వచ్చి వెళ్లాక చెత్త ఎత్తేది మాత్రం నగరపాలక సంస్థ కార్మికులే. 2025లో రథసప్తమిని రాష్ట్ర పండుగ చేశారు. పండుగకు వచ్చేవాడి గది పన్నులో పిసరంత నేరుగా ఆ ఊరికి మిగిలితే, కట్టేవాడికి కూడా తాను కట్టింది కళ్ల ముందు కనబడేది.

శాతం లెక్కన పన్ను వేయడమే నయమన్న మాటకు మలేషియా సాక్ష్యం. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి రబ్బరు, కొబ్బరి తోటల్లోకి వలసపోయిన కుటుంబాల వారసులు అక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లను చూడ్డానికి ఇక్కడి చుట్టాలు వెళ్తుంటారు. 2017లో మలేషియా పర్యాటక పన్ను తలపెట్టినప్పుడు హోటలు నక్షత్రాలను బట్టి ఎక్కువ తక్కువలు పెట్టాలనుకుంది. అయిదు నక్షత్రాలకు 20 రింగిట్లు, ఏ నక్షత్రమూ లేనిదానికి రెండున్నర. చివరికి అదంతా తీసేసి విదేశీయులకు గదికి రాత్రికి ఏకంగా 10 రింగిట్లన్నారు. అరవై రింగిట్ల గదికి అది ఆరోవంతు. అయిదు వందల గదికి యాభయ్యో వంతు. భూటాన్ సంగతి ఇంకా గట్టిది. 2022 సెప్టెంబరులో సరిహద్దు మళ్లీ తెరిచినప్పటి నుంచి భారతీయులు మనిషికి రాత్రికి 1,200 రూపాయలు కట్టాలి. అడవులు, రోడ్లు, వైద్యం, చదువు కోసమని చెప్పి తీసుకునే సొమ్ము అది. దానికో న్యాయం ఉంది. అయితే బైకు మీద వెళ్లి పన్నెండు వందల గదిలో ఒంటరిగా దిగే తెలుగు కుర్రాడికి గది ఎంతో పన్నూ అంతే.

పొందూరు ఆ దంపతులను కట్టిపడేసింది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, గింజ నుంచి దూదిని విడదీసే స్త్రీలను చూసి ఆమె అక్కడే పీట మీద కూర్చుండిపోయింది. గంటన్నర కదల్లేదు. వచ్చేటప్పుడు ఆయనకో కండువా కొంది. పద్దులో ఏ గడిలో రాయాలో తెలియక చివరికి "దేవుడు" గడిలో రాసింది.

శ్రీకూర్మం వెళ్లే బస్సులో కండక్టరు ఆమెకు సున్నా రూపాయల టికెట్టిచ్చాడు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ప్రయాణం ఉచితం. బస్సు నిండా ఆడవాళ్లే. నరసన్నపేట నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు ముగ్గురు, పొద్దున బయల్దేరి అరసవల్లి, శ్రీకూర్మం చూసుకుని రాత్రి వేళకు ఇల్లు చేరిపోతామన్నారు.

"ముఖలింగం కూడా సూడాలనుందమ్మా. మరి ఒక్క రేత్రి ఉండాల కదా. బస్సుకి డబ్బుల్నేవు గానీ, గదికి కావాలి కదేటి" అంది పెద్దామె.

ప్రయాణం ఉచితమయ్యాక ఆడవాళ్ల యాత్రలో మిగిలిన ఖర్చు గదే. బస్సు చార్జీ లేక మిగిలిన డబ్బు చూసుకుని రెండో రోజు కూడా ఉందామనుకునేవాళ్లను వెనక్కి తిప్పేది ఆ ఖర్చే. అయిదు వందల గది మీద పాతిక రూపాయల పన్ను తీసేస్తే ఖజానాకు పోయేది ఎంతో లెక్కలు కట్టేవాళ్లు కట్టుకోవచ్చు. ఆ అక్కచెల్లెళ్లు ముగ్గురూ ముఖలింగంలో ఆగితే అక్కడ భోజనం, టీ, ఆటో, పూలు, కొబ్బరికాయలు కొంటారు. ఒక్క రాత్రి ఆగిన మనిషి ఆ ఊళ్లో వదిలే డబ్బు, పూటలో చూసి పోయే మనిషి వదిలేదానికంటే చాలా ఎక్కువ. ఈ సంగతి శ్రీకూర్మం గుడి ముందు కొబ్బరికాయలమ్మే ఎవర్నడిగినా చెబుతారు.

బడ్జెట్టు ప్రయాణికుడు తెలుసుకోవాల్సిన చిన్న సంగతి ఒకటి శ్రీకాకుళం లాడ్జి పక్క వీధిలో తెలిసింది. అక్కడ మరో లాడ్జి బోర్డు మీద కాంపోజిషన్ పన్నుదారు అని ఉంది. 50 లక్షల లోపు వ్యాపారం చేసే సేవల సంస్థలు ఈ పద్ధతి ఎంచుకోవచ్చు. తమ రాబడి మీద 6 శాతం తామే కట్టుకోవాలి, ఖాతాదారు దగ్గర పన్ను పేరుతో పైసా పుచ్చుకోకూడదు. బిల్లు మీద ఆ ముక్క రాసి ఉండాలి. అలాంటి చోట ఎవరైనా అద్దె మీద జీఎస్టీ వేస్తే అడిగే హక్కు ప్రయాణికుడిది. రెండో రాత్రికి అక్కడికి మారదామా అని మేష్టారు అన్నారు గానీ, సామాన్లు విప్పేసిన గది వదలడానికి ఆమె ఒప్పుకోలేదు. మరో 1,000, మరో 50.

నాలుగో రాత్రి విశాఖపట్నం స్టేషన్లోనే. రిటైరింగ్ రూమ్ దొరికింది, టికెట్టు నంబరు మీద ముందే పెట్టుకున్నారు. కింద ప్లాట్‌ఫారం మీద ప్రకటనలు, ఇడ్లీల బండి అరుపులు వినబడుతున్నాయి. రైల్వే ఇచ్చే రిటైరింగ్ రూములు, వెయిటింగ్ రూములు, క్లోక్ రూమ్, ప్లాట్‌ఫారం టికెట్టు, వీటన్నిటినీ 2024 జూన్‌లో అదే 53వ సమావేశం జీఎస్టీ నుంచి తప్పించింది. బిల్లులో పన్ను గడి లేదు. రాత్రి గడపడమన్నది ప్రయాణంలో భాగమేనని ప్రభుత్వం ఒప్పుకున్న చోటు ఇదొక్కటే. స్టేషను గేటు దాటి రోడ్డుకు అవతల చవక లాడ్జిలో దిగితే ఆ ఒప్పుకోలు ఉండదు.

ఆమె మంచం మీద కూర్చుని మొత్తం వేసింది. పన్ను గడిలో 45, 50, 50. నూట నలభై అయిదు. ఇదే ప్రయాణం, ఇవే అద్దెలు, 2021లో అయితే పన్ను సున్నా అని మేష్టారు పక్కన రాశారు. 2024లో అయితే 348. మూడు అంకెల్నీ ఆమె కళ్లజోడు సర్దుకుని చూసింది. ఏడు వేల గదుల్లో మూడు రాత్రులు ఉన్నవాడికి 2021లో 2,520, 2024లో 2,520, ఇప్పుడు 1,050 అని ఆయన ఇంకో వరస వేయబోతే, "వాళ్ల లెక్క నా పుస్తకంలో ఎందుకండీ" అని పెన్ను లాక్కుంది.

అప్పుడే మనవరాలు ఫోను చేసింది. ఫాల్గుణంలో చీపురుపల్లి కనక మహాలక్ష్మి జాతర ఉందట, కర్నూలు నుంచి స్నేహితురాలి అమ్మానాన్నలు వస్తామంటున్నారట, విజయనగరంలో ఎక్కడ దిగితే మంచిదని అడిగింది. ఆమె పద్దు పుస్తకం మొదటి పేజీకి తిప్పింది.

"మనం దిగిన చోటే చెప్పు. ఫోన్లో మాత్రం తియ్యొద్దను. నేరుగా వెళ్తే ఎనిమిది వందలే. వెనక వైపు గది అడగమను, రోడ్డు చప్పుడుండదు. పొద్దున ఆరింటికల్లా వేడి నీళ్లొస్తాయి, ఏడు దాటితే రావు."